ఆర్టీమియా గుడ్లు: వాన దీవిలో ఎండు మేత

గోధుమరంగు పొడి. రెండు వేళ్ళ మధ్య తీసుకుంటే నశ్యంలా జారిపోతుంది. ఒక్కో రేణువు మిల్లీమీటరులో ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు. ఒక గ్రాములో రెండు లక్షల పైచిలుకు పడతాయి. గాలి చొరని డబ్బాలో ఏళ్ళ తరబడి ఉలుకూ పలుకూ లేకుండా పడివుండే ఈ పొడిని ఉప్పునీళ్ళలో వేసి, ఒక పగలూ ఒక రాత్రీ కిందనుంచి గాలి బుడగలు వదిలితే నీళ్ళు నారింజ రంగుకు తిరుగుతాయి. ఆ రంగు కదులుతూ ఉంటుంది. అది పిల్లల గుంపు. అక్వేరియం చేపల పిల్లలకు ఇంతకంటే ఇష్టమైన మేత అరుదు.

వ్యాపారంలో దీన్ని ఆర్టీమియా గుడ్లు అంటారు. భీమిలి, ఉప్పాడ తీరాల్లోని రొయ్యల హ్యాచరీల్లో పనిచేసేవారు సిస్టులు అంటారు. రెండో మాటే శాస్త్రానికి దగ్గర. ఎందుకంటే ఇవి మామూలు గుడ్లు కావు. ఇందులో ఉన్నది దాదాపు 4000 కణాల దాకా ఎదిగి, అక్కడ ఆగిపోయిన పిండం. చుట్టూ గట్టి పెంకు. పిండం చావలేదు, ఎదగడమూ లేదు. నీళ్ళు తగిలేదాకా అలాగే ఉంటుంది. "ఉప్పునీటి రొయ్య" అన్న పేరు కూడా పైపై పోలికతో పెట్టిందే. ఆర్టీమియా కవచధారుల్లో ఒకటి, రొయ్యకు దూరపు చుట్టం, అంతే. దాని వీపుమీద పెంకు లేదు, పట్టుకునే కొండీలు లేవు. పదకొండు జతల ఈకల్లాంటి కాళ్ళతో, పొట్ట పైకీ వీపు కిందికీ పెట్టి వెల్లకిలా ఈదే ఒక సెంటీమీటరు జీవి.

అండమాన్‌లో, పోర్ట్‌బ్లెయిర్ పట్టణపు జంగ్లీఘాట్ రేవు దగ్గర నిలబడి ఈ పొడి గురించి మాట్లాడటంలో ఒక చమత్కారం ఉంది. పట్టణానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గాని, జనం నోట ఇంకా పాత పేరే ఎక్కువ. తెల్లవారుజామున ఈ రేవులో దిగే చేపను చూస్తే మనిషి బతుకు సముద్రం మీదే నడుస్తున్నట్టుంటుంది. వేలంపాటలో శ్రీకాకుళం, విశాఖ యాసల తెలుగు వినిపిస్తుంది. స్వాతంత్ర్యం తరవాతి దశాబ్దాల్లో అక్కడి తీర గ్రామాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవి. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. చుట్టూ ఇంత సముద్రం, ఇన్ని చేపలు. అయినా తొట్టెలో పుట్టిన గోరంత చేపపిల్లకు మేత కావాలంటే మాత్రం డబ్బా బయటినుంచి ఓడలోనో విమానంలోనో రావలసిందే.

ఉప్పులో దాక్కున్న ప్రాణి

ఆర్టీమియాకు శత్రువు నుంచి తప్పించుకునే ఉపాయం ఒక్కటే. శత్రువు బతకలేని చోట తాను బతకడం. మామూలు సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పుంటుంది. అందులో ఆర్టీమియా హాయిగా పెరగగలదు గాని పెరగదు, ఎందుకంటే పక్కనే ఉన్న చేప దాన్ని మింగేస్తుంది. అదే ఉప్పు 100 గ్రాములు దాటితే చేపలు తప్పుకుంటాయి. 200 దాటినా ఆర్టీమియా తట్టుకుంటుంది. అందుకే దాని ఇళ్ళన్నీ ఉప్పు సరస్సులు, ఉప్పు మడులు. చేపకు దొరక్కుండా ఇంత దూరం పారిపోయిన జీవి చివరికి ప్రపంచంలోని చేపపిల్లలన్నిటికీ ఇష్టమైన ముద్దగా మారింది.

నీళ్ళు బాగున్నంత కాలం ఆడది పిల్లల్నే కంటుంది. నాలుగైదు రోజులకొకసారి, ఒక్కో విడతకు 300 దాకా. ఎండలు ముదిరి, ఉప్పు పెరిగి, ప్రాణవాయువు తగ్గితే పద్ధతి మారుస్తుంది. పిల్లలకు బదులు పెంకు కట్టిన సిస్టుల్ని విడుస్తుంది. అవి నీటిమీద తేలి, గాలికి ఒడ్డుకు కొట్టుకొచ్చి, తెట్టెలు తెట్టెలుగా పేరుకుని ఎండుతాయి. లోపలి పిండం తన శరీరంలో ట్రెహలోజ్ అనే చక్కెరను పోగుచేసుకుంటుంది. పొడి బరువులో అది ఏడో వంతు దాకా ఉంటుంది. కణాల్లో నీరు పోయినా గోడలు కూలిపోకుండా ఆ చక్కెరే కాపాడుతుంది. తేమ పది శాతం కంటే తక్కువున్న సిస్టును దాదాపు సున్నా కింద 273 డిగ్రీల చలిలో పెట్టినా, 60 డిగ్రీల వేడిలో పెట్టినా పొదిగే శక్తి పోదు. 1972లో అపోలో 16 నౌక చంద్రుడి దాకా తీసుకువెళ్ళిన ప్రాణుల్లో ఇవీ ఉన్నాయి. విశ్వకిరణాలు తగిలితే జీవకణం ఏమవుతుందో చూడటానికి.

1755లో ష్లోసర్ అనే ఆయన ఇంగ్లండులోని లిమింగ్టన్ ఉప్పు మడుల్లో దీన్ని చూసి బొమ్మ గీశాడు. 1758లో లిన్నేయస్ పీత జాతిలో కలిపి పేరు పెట్టాడు. 1819లో లీచ్ దాన్ని విడదీసి ఆర్టీమియా అన్నాడు. ఆ తరవాత వందేళ్ళకు పైగా ఇది శాస్త్రజ్ఞుల సీసాల్లోనే ఉండిపోయింది.

ఉప్పు మడులు లేని చోటు

భారతదేశంలో ఆర్టీమియా కొత్తది కాదు. ముంబయి వడాలా ఉప్పు మడుల్లో, రాజస్థాన్ సాంభర్ సరస్సులో ఉన్నట్టు 1950లలోనే రాశారు. తూత్తుకుడిలో, కచ్ సింధుశాఖ తీరంలో కూడా ఉంది. మన దేశవాళీ ఆర్టీమియాలో మగవి అవసరం లేదు. ఆడవే ఆడవాటిని కంటూ పోతాయి. జంగ్లీఘాట్ తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్ళకు ఉప్పు మడి అంటే చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా నౌపడా ఉప్పుకు తరతరాలుగా పేరు. ఎండాకాలం ఆ మడుల గట్లమీద తెల్లటి కుప్పలు చూస్తూ పెరిగినవారి సంతతి, ఒక్క మడి కూడా లేని దీవికి వచ్చి పడింది.

కారణం వాన. అండమాన్‌లో మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, ఆ వెంటనే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం. ఏటా 3000 మిల్లీమీటర్ల వాన. మడిలో సముద్రపు నీరు పెట్టి ఎండబెట్టేలోగా ఆకాశం దాన్ని మళ్ళీ నింపేస్తుంది. ఉప్పు మడి నిలవని చోట ఆర్టీమియాకూ నిలువనీడ ఉండదు. చుట్టూ ఉప్పునీరే, కాని దానికి కావలసినంత ఉప్పు లేదు, చేపలు మాత్రం కావలసినన్ని.

ఈ తేమే డబ్బాకు కూడా శత్రువు. చెమ్మ పది శాతం కంటే తక్కువున్నప్పుడు సిస్టు నిద్రలో ఉంటుంది. బాగా నానితే లేచి పొదుగుతుంది. మధ్యలో, అంటే 10 నుంచి 35 శాతం దాకా తేమ పీల్చుకున్నప్పుడు మాత్రం సగం లేచి సగం పడుకున్న స్థితి. లోపల నిల్వ ఉన్న శక్తి ఊరికే ఖర్చవుతుంది, బయటికి రావడానికి మాత్రం చాలదు. పోర్ట్‌బ్లెయిర్ గాలిలో తేమ ఏడాది పొడుగునా ఎక్కువే. జూలైలో డబ్బా మూత సరిగా బిగించకపోతే అప్పడాలు మెత్తబడినట్టే సిస్టులూ మెత్తబడతాయి. పైకి ఏ తేడా కనిపించదు. రెండు నెలల తరవాత పొదగేస్తే పదింట మూడో నాలుగో లేస్తాయి. డబ్బా అమ్మినవాడిని తిట్టుకోవడం తప్ప ఏం జరిగిందో తెలియదు. అందుకే ఇక్కడ డబ్బా విప్పగానే పొడిని చిన్న చిన్న సీసాల్లోకి పంచి, మూతలు బిగించి, ఫ్రిజ్‌లో పెట్టడం మేలు. ఒక సీసా అయ్యాకే ఇంకొకటి తీయాలి. చల్లటి సీసాను బయటికి తీసిన వెంటనే మూత తెరవకూడదు. గది వేడికి వచ్చేదాకా ఆగకపోతే లోపలి గోడలకు చెమ్మ పడుతుంది. ఊరగాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని ఇంట్లో ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

సరస్సు నుంచి డబ్బాకు

ఆర్టీమియా పిల్లల్ని చేపలకు వేయవచ్చని లోకానికి చెప్పింది అక్వేరియం మనిషే. శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ అక్వేరియం పర్యవేక్షకుడు ఆల్విన్ సీల్ 1933లో ఆ విషయం రాశాడు. 1939లో నార్వేలో రోలెఫ్‌సెన్ సముద్రపు చేప డింభకాలను ఇదే మేతతో బతికించాడు. అప్పటిదాకా సముద్రపు చేపపిల్లను తొట్టెలో పెంచడమంటే గాలిలో దీపం. రోజూ సముద్రానికి పోయి సన్నవలతో మేత పట్టుకురావాలి. గుడ్డు పొడి రూపంలో అలమరలో దొరికేసరికి ఆ యాతన తప్పింది.

మొదట శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ ఉన్న ఉప్పు మడుల నుంచి, 1950ల మొదట్లో అమెరికాలోనే యూటా రాష్ట్రపు గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి సేకరణ సాగింది. ఇప్పటికీ ఆ సరస్సే పెద్ద దిక్కు. అక్టోబరు 1న సీజను మొదలవుతుంది. సరస్సు మీద మైళ్ళ కొద్దీ ఎర్రటి చారలుగా తేలే సిస్టుల్ని చిన్న విమానాల్లో తిరుగుతూ కనిపెడతారు. కింద పడవలవాళ్ళు పోటీపడి తేలే కంచెలతో ఆ చారను చుట్టేస్తారు. మన కోనసీమ కాలవల్లో గుర్రపుడెక్కను తాడుతో లాగినట్టుంటుంది దృశ్యం, ఒక్క ధరలోనే తేడా. లీటరు నీటికి 21 సిస్టుల కంటే తగ్గితే యూటా వన్యప్రాణి శాఖ సేకరణ ఆపేస్తుంది, వచ్చే ఏటి విత్తనం కోసం. 2022లో ఆ సరస్సు మట్టం ఎన్నడూ లేనంతగా పడిపోయి ఉప్పు శాతం పెరిగినప్పుడు, సరస్సు ఒడ్డున ఎంత కంగారు పుట్టిందో ప్రపంచంలోని హ్యాచరీల్లోనూ అంతే పుట్టింది.

అది మొదటి కంగారు కాదు. 1970ల నడుమ గిరాకీ పెరిగి, సేకరణ పడిపోయి, ధరలు ఆకాశానికెక్కాయి. ఆ కొరతలోంచే 1978లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయంలో పాట్రిక్ సోర్గెలూస్ నాయకత్వాన ఆర్టీమియా పరిశోధన కేంద్రం పుట్టింది. ఆర్టీమియా లేని ఉప్పు మడుల్లో దాన్ని నాటవచ్చని తేలింది. 1977లో బ్రెజిల్‌లోని మకావ్ మడుల్లో చల్లితే పంట వచ్చింది. వియత్నాంలో మెకాంగ్ డెల్టా ఉప్పు రైతులు ఎండాకాలంలో ఉప్పు, దాంతోపాటు ఆర్టీమియా సిస్టులు పండించడం నేర్చుకున్నారు. ఇవిగాక చైనాలోని బోహాయ్ తీరం, సైబీరియా ఉప్పు సరస్సులు. మన దేశంలో సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ కింద నడిచే రాజీవ్‌గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం తమిళనాడు రామనాథపురం జిల్లాలో ఈ పంట వేసింది. కాని ఆంధ్రా హ్యాచరీల ఆకలి ముందు ఆ పంట ఎంత? 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక విశాఖ నుంచి నెల్లూరు దాకా తీరం వెంబడి హ్యాచరీలు వెలిశాయి. రొయ్య డింభకం జోయియా దశలో నాచు తింటుంది, మైసిస్ దశకు వచ్చేసరికి ఆర్టీమియా కావాలి. డబ్బాల్లో పెద్ద వాటా అక్కడికే పోతుంది. అక్వేరియం వాళ్ళకు అందేది ఆ ప్రవాహంలోంచి తొణికిన నాలుగు చుక్కలు.

పొదిగించడం

జంగ్లీఘాట్‌లో ఒక ఇంట్లో గప్పీలు ఈనాయనుకుందాం. పని చాలా తేలిక, రెండు మూడు చోట్ల తప్ప.

రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా అడుగు కోసి, తలకిందులుగా నిలబెట్టి, మూతిలోంచి గాలి గొట్టం పంపితే పాత్ర సిద్ధం. అడుగు గరాటులా ఉండాలన్నదే ముఖ్యం. చదునైన అడుగున్న పాత్రలో సిస్టులు మూలల్లో పేరుకుని ఊపిరాడక చస్తాయి. నీళ్ళలో లీటరుకు 25 నుంచి 35 గ్రాముల ఉప్పుండాలి. హైదరాబాదులో అయితే రాళ్ళ ఉప్పు తూకం వేసి కలుపుకోవాలి, చిటికెడు వంటసోడా వేసి క్షారత పెంచుకోవాలి. అయొడైజ్డ్ ఉప్పు వేస్తే పిల్లలు చస్తాయన్న భయం చాలామందిలో ఉంది గాని, అందులోని కొంచెం అయోడిన్‌కు ఆర్టీమియా చలించదు. అండమాన్‌లో ఈ బాధే లేదు. సముద్రపు నీరే సరిగ్గా తగిన ఉప్పుతో, తగిన క్షారతతో, 28 డిగ్రీల వెచ్చదనంతో సిద్ధంగా ఉంటుంది. చలిదేశాల వాళ్ళు హీటరు పెట్టి తెచ్చుకునే వేడి ఇక్కడ ఊరికే దొరుకుతుంది.

అలాగని రేవు మెట్లమీంచి బకెట్టు ముంచరాదు. చేపల పడవలు ఆగే చోట నీళ్ళమీద డీజిలు పొర, చేప కడిగిన నెత్తుటి మురుగు ఉంటాయి. ఊరికి దూరంగా, కార్బిన్స్ కోవ్ వైపు నుంచో ఇంకో తేట తీరం నుంచో తెచ్చి, గుడ్డతో వడకట్టి, ఒక రోజు తేర్చుకోవాలి. పెద్ద వానలు కురిసిన వారంలో ఒడ్డు పక్క నీటిలో ఉప్పు పలచబడుతుంది. అప్పుడు కాస్త ఉప్పు కలపక తప్పదు.

లీటరుకు ఒక గ్రాము, రెండు గ్రాములకు మించకుండా సిస్టులు వేసి గాలి బుడగలు గట్టిగా వదలాలి. మొదటి కొన్ని గంటలు వెలుతురు తప్పనిసరి. నానిన పిండానికి వెలుగు తగిలితేనే "లే" అన్న కబురు అందుతుంది. దీపం సీసా పక్కనే పెడితే చాలు. 18 నుంచి 24 గంటల్లో పెంకు పగిలి, పిండం మొదట సన్నటి పొరలో వేలాడుతూ గొడుగులా కనిపించి, ఆ పొర చించుకుని నాప్లియస్ అనే పిల్ల బయటపడుతుంది. పొడవు అర మిల్లీమీటరు. మధ్యలో ఎర్రటి ఒంటికన్ను. అర్ధరాత్రి కరెంటు పోయి గాలి ఆగితే మాత్రం పొద్దున చూసేది పిల్లల్ని కాదు, కుళ్ళువాసన వేసే పులుసును. దీవిలో ఈ పని చేసేవారి దగ్గర బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి ఉండటం విలాసం కాదు.

ఇప్పుడు వేరుచేయడం. గాలి ఆపి పది నిమిషాలు కదపకుండా ఉంచితే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పొదగని సిస్టులు అడుక్కి చేరతాయి, పిల్లలు వెలుగున్న వైపుకు పోతాయి. సీసా పైభాగం చీకటి చేసి, కింద చిన్న దీపం పెడితే అవి మంద కట్టి కిందికి దిగుతాయి. అడుగున చేరిన పొదగని సిస్టుల్ని ముందు కాస్త వదిలేసి, తరవాత వచ్చే నారింజరంగు పాయను సన్నటి జల్లెడలో పట్టుకోవాలి. 120 మైక్రాన్ల జల్లెడయితే పిల్లలు జారిపోవు. దాన్ని మంచినీటితో కడిగి గాని తొట్టెలో వేయకూడదు. పొదిగిన నీటిలో విబ్రియో వంటి సూక్ష్మక్రిములు కోట్లలో ఉంటాయి. చేపపిల్లలు ఉన్నట్టుండి చచ్చిపోతే చాలాసార్లు తప్పు మేతది కాదు, మేతతోపాటు పోసిన నీటిది.

ఒక గ్రాము బాగా పొదిగితే రెండు లక్షల దాకా పిల్లలు. ముప్పై గప్పీ పిల్లలున్న ఇంటికి అది పెళ్ళివారి వంట. చెంచా కొసన పట్టేంత సిస్టులు చాలు. చాలామంది మొదటిసారి ఇక్కడే పొరబడతారు.

గుడ్డునే మేతగా

పొదిగించే బాధంతా ఎందుకు, పొడినే తొట్టెలో చల్లితే? చేపపిల్ల తింటుంది. కాని ఆ పెంకు ఏ చేప పేగులోనూ అరగదు. లోపలికి పోయినది పోయినట్టే బయటికి వస్తుంది, లేదా పేగులో అడ్డుపడి పిల్లను చంపుతుంది. పొదిగాక కూడా పెంకుల్ని అంత శ్రద్ధగా వేరుచేసేది ఇందుకే.

దీనికి విరుగుడు పెంకు తీసిన సిస్టు. హ్యాచరీల భాషలో డీక్యాప్. సిస్టుల్ని గంటసేపు నీళ్ళలో నానబెడితే, నొక్కిన బంతిలా ఉన్నవి గుండ్రంగా ఉబ్బుతాయి. వాటిని బట్టలకు వాడే బ్లీచు ద్రావణంలో, అంటే సోడియం హైపోక్లోరైట్‌లో వేసి కలుపుతూ ఉంటే పెంకు కరుగుతుంది. రంగు గోధుమ నుంచి బూడిదకు, బూడిద నుంచి నారింజకు మారుతుంది. ఈ రసాయన చర్యలో వేడి పుడుతుంది. 40 డిగ్రీలు దాటితే లోపలి పిండం ఉడికిపోతుంది కాబట్టి ఐసుముక్కలు దగ్గర పెట్టుకోవాలి. నారింజరంగు నిండగానే ఆపి, జల్లెడలో పోసి క్లోరిన్ వాసన పోయేదాకా కడిగి, చివర కాస్త సోడియం థయోసల్ఫేట్‌తో మిగిలిన క్లోరిన్‌ను విరిచేయాలి. కిటికీలు తెరిచి, పిల్లల్ని దూరంగా ఉంచి చేయాల్సిన పని ఇది. వంటగది గట్టుమీద కాదు.

వచ్చేది పలచటి పొర కప్పిన నగ్న పిండం. దాన్ని పొదిగించవచ్చు, పొదిగించకుండా నేరుగా వేయనూవచ్చు. పొదిగే క్రమంలో నాప్లియస్ తన సొంత నిల్వను కొంత ఖర్చు పెడుతుంది గనుక, పొదగని పిండంలో అప్పుడే పుట్టిన పిల్ల కంటే మూడో వంతుకు పైగా శక్తి ఎక్కువ. సూక్ష్మక్రిములు బ్లీచులోనే చచ్చిపోతాయి. చిక్కటి ఉప్పునీటిలో ముంచి ఫ్రిజ్‌లో పెడితే నెలల పాటు నిలవ ఉంటుంది. మామిడికాయ ముక్కల్ని ఉప్పులో ఊరేసిన కిటుకే. చెమ్మ బెడద ఎక్కువైన ఊళ్ళో, పొడి డబ్బాను కాపాడుకోవడం కంటే ఇలా ఊరేసి పెట్టుకోవడమే సులువు.

లోపం ఒకటుంది. ఇది కదలదు. వేసిన నిమిషంలో అడుక్కి దిగుతుంది. గప్పీ, మోలీ, ప్లాటీ పిల్లలు కిందికి వెళ్ళి ఏరుకుంటాయి. కదిలే దాన్ని చూస్తే తప్ప నోరు తెరవని ఫైటర్ పిల్లకు, సముద్రపు చేప డింభకానికి ఇది లేనట్టే. వాటికి బతికున్న నాప్లియసే కావాలి. మందమందగా తడబడుతూ ఈదే ఆ నారింజ చుక్కను చూడగానే వేట బుద్ధి మేలుకుంటుంది.

ఏ చేపకు, ఎప్పుడు

పుట్టిన వెంటనే నాప్లియస్‌కు నోరు తెరుచుకోదు, పొట్టలోని సొనతో బతుకుతుంది. దాదాపు ఎనిమిది గంటల తరవాత కుబుసం విడిచి రెండో దశకు వస్తుంది. అప్పటికి పెద్దదవుతుంది, చురుగ్గా తప్పించుకుంటుంది, సొన తగ్గుతుంది. కనుక పోషణ కావాలంటే మొదటి గంటల్లోనే వేయాలి. మిగిలితే కడిగి ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల దగ్గర పెడితే ఒక రోజు దాకా ఆ స్థితిలోనే ఆగుతుంది. ఎండిన బరువులో సగానికి పైగా మాంసకృత్తులే. ఒంట్లోని కాంథాక్సాంథిన్ అనే ఎరుపు పదార్థం తిన్న చేపకూ రంగునిస్తుంది.

మంచినీటి చేపలకు ఇది దాదాపు సంపూర్ణ భోజనం. సముద్రపు చేపల లెక్క వేరు. వాటికి డీహెచ్ఏ, ఈపీఏ అనే కొవ్వు ఆమ్లాలు బయటినుంచే అందాలి. ఆర్టీమియాలో డీహెచ్ఏ దాదాపు లేదు. ఈపీఏ ఏ సరస్సు సిస్టులన్నదాన్ని బట్టి మారుతుంది. 1970ల చివర జపాన్‌లో వతనబే బృందం ఈ సంగతి కనిపెట్టి సిస్టుల్ని మంచినీటి రకం, సముద్రపు రకం అని విడదీసింది. అందుకే సముద్రపు చేపల హ్యాచరీల్లో నోరు తెరుచుకున్న రెండో దశ పిల్లల్ని చేపనూనె తరళంలో కొన్ని గంటలు ఉంచుతారు. అవి ఎదురైనదల్లా వడకట్టి మింగే రకం కనుక నూనె బొట్లతో పొట్ట నింపుకుంటాయి. తరవాత చేపపిల్ల వాటిని మింగుతుంది. ఆర్టీమియా ఇక్కడ మేత కాదు, మేత మోసే సంచి.

మంచినీటి తొట్టెలో నాప్లియస్ కొన్ని గంటలే బతుకుతుంది. పదిహేను ఇరవై నిమిషాల్లో అయిపోయేంతే వేయాలి, రోజుకు రెండు మూడు సార్లు. ఎక్కువైతే చచ్చి, అడుగున కుళ్ళి, అమ్మోనియా పెంచుతుంది. ఈ మేత విరివిగా పడే తొట్టెల్లో హైడ్రా అనే సన్నటి తీగల జీవి కూడా గోడలకు పుట్టుకొస్తుంది, చేపపిల్లల వాటా అది తింటుంది.

దీవుల్లో దీని పని

అండమాన్ పగడపు దిబ్బల్లో క్లౌన్ చేపలు ఎన్నో రకాలు. నారింజమీద తెల్లచారలున్న ఆసెల్లారిస్, ముదురు ఎరుపు మరూన్, వీపుమీద నల్లటి జీను వేసినట్టుండే ఎఫిపియం. సముద్రం నుంచి పట్టి అమ్మితే దిబ్బలు ఖాళీ అవుతాయి. తొట్టెలో పుట్టించి అమ్మితే కావు. 1978లో పోర్ట్‌బ్లెయిర్‌లో మొదలై ఇప్పుడు కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థగా గారచర్మాలో ఉన్న సంస్థ ఈ చేపల్ని బంధనంలో పుట్టించే పని చేపట్టింది. క్లౌన్ చేప గుడ్లు వారం రోజుల తరవాత, చీకటి పడ్డాక పొదుగుతాయి. పిల్ల నోరు మరీ చిన్నది కనుక మొదటి మూడు నాలుగు రోజులు రోటిఫర్లు అనే ఇంకా చిన్న జీవులు, ఆ తరవాత ఆర్టీమియా నాప్లియస్. రెండు వారాల్లో చారలు తేలి డింభకం చేపవుతుంది. ఆ రెండు వారాల్లో ఒక్క పూట మేత తప్పినా చారల దాకా రావు.

సముద్ర గుర్రాలది ఇంకో కథ. 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నందున వాటిని పట్టడం, అమ్మడం నేరం. పరిశోధన కోసం పెంచేచోట మాత్రం పుట్టిన పిల్ల మొదటి రోజు నుంచే నాప్లియస్ మింగగలదు. అలంకార చేపల సంగతి పక్కనపెడితే, దక్షిణ అండమాన్‌లోని కోడియాఘాట్‌లో రాజీవ్‌గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం టైగర్ రొయ్యను మచ్చిక చేసే ప్రాజెక్టు నడిపింది. అండమాన్ సముద్రపు టైగర్ రొయ్య తల్లులకు ఉన్న పేరే దానికి మూలం. ఆ డింభకాలకూ ఇదే మేత. యూటా సరస్సు సిస్టు, అండమాన్ తల్లి రొయ్య, ఆంధ్రా చెరువు: మూడూ ఒకే గొలుసులో పడ్డాయి.

జంగ్లీఘాట్‌లో తొట్టె కడిగినప్పుడు మిగిలిన నాప్లియస్‌ను రేవులో పారబోస్తే ఏమీ కాదు. ఒడ్డు వెంబడి తిరిగే పిల్ల చేపలు నిమిషాల్లో ఊడ్చేస్తాయి. ఉప్పు మడులున్న తీరంలో అలా కాదు. అక్కడ తినేవాడు లేడు. హ్యాచరీల నుంచి జారిపడిన అమెరికా రకం, ఫ్రాన్సిస్కానా, తూత్తుకుడి మడుల్లో ఇప్పటికే కాపురం పెట్టింది. వేగంగా పెరిగే ఆ రకం చేరిన చోట మగది అక్కర్లేని దేశవాళీ ఆర్టీమియా తగ్గిపోతుందని మధ్యధరా తీరపు మడుల అనుభవం. సెలవులకు డబ్బాతో సహా నౌపడా వైపు వెళ్ళేవారు పొదిగిన సీసా కడిగిన నీళ్ళను అక్కడి మడుల కాలవలో కాకుండా, పొడి ఇసుకలో పోయాలి.